దుప్పట్ల లెక్క

రాత్రి ఎనిమిదింటికి ఛార్జి తీసుకోవడమంటే
ముందు మనుషుల్ని కాదు, వస్తువుల్ని లెక్కపెట్టడం.
థర్మామీటర్లు మూడు.
బీపీ మిషన్లు రెండు,
ఒకటి గాలి పట్టదు, అయినా రిజిస్టర్లో బతికే ఉంది.
కత్తెర ఒకటి.
దుప్పట్లు ఇరవై నాలుగు.
ఆ తరవాతే తల్లులు:
ముప్పై మంచాల మీద నలభై ఒక్కమంది.
ఈ లెక్క తప్పితే మాత్రం
ఎవరూ నా జీతంలో కోత పెట్టరు.

మా వార్డు కిటికీ తీస్తే సముద్రం.
ట్రైనింగు పిల్లలు వచ్చిన మొదటి రోజు ఫోటో తీసుకుంటారు.
పదకొండేళ్ల కాంట్రాక్టులో నాకు తెలిసింది దాని ఉప్పే.
సెలైన్ స్టాండు చక్రానికి తుప్పు,
మంచం కోళ్లకి తుప్పు,
పెచ్చులూడిన గోడ మీద
ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న ఫోను నంబరు.

అప్పలకొండ సిలిండరు దొర్లించుకొస్తుంటే
కారిడారంతా దడదడమని సగం వార్డు లేచి కూర్చుంటుంది.
"రైలు కాదమ్మా, పడుకోండి" అంటాను.

పంతొమ్మిదో మంచం పాంగి బుద్రి మాత్రం
నిజంగా రైలు కోసమే మేలుకుంది.
తెల్లారి కిరండోల్ పాసింజరు అందుకోవాలి.
డిశ్చార్జి కాగితం కొంగున ముడేసుకుంది.
డోలీలో కొంత, జీపులో కొంత, అంబులెన్సులో మిగతా దారి
దిగి వచ్చిన మనిషి.
పది రోజుల్లో నాతో మాట్లాడిన తెలుగు మాటలు నాలుగు:
నీళ్లు, నొప్పి, పాలు, ఎప్పుడు.

బిడ్డ కేజీ తొమ్మిది వందలు.
చుట్టడానికి ఆమె దగ్గరున్నది పాత చీర పేలిక.
డిసెంబరు. సొరంగాలు దాటేకొద్దీ
పెట్టెలోకి చలి ఎలా ఎక్కుతుందో నాకు తెలుసు.
బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి
రెండు మడతలేసి బిడ్డకి చుట్టాను.

ఆమె విప్పేసింది.
నీటుగా మడిచి నా బల్ల మీద పెట్టింది.
మూల మీదున్న నల్ల ముద్రని వేలితో చూపించి
తల అడ్డంగా ఊపింది.
చదువు రాదు. కానీ ముద్ర అంటే ఏమిటో తెలుసు.
వాళ్ల కొండ మీద చెట్లకీ ఉంటాయట అలాంటివే,
ఫారెస్టు వాళ్లు కొట్టినవి.
ముద్ర పడ్డదాన్ని ముట్టుకుంటే
మగవాణ్ని జీపెక్కించి తీసుకుపోతారు.
మాటల్లేకుండా ఇదంతా చెప్పింది,
రెండు మణికట్లూ దగ్గరగా చేర్చి.

నేను కత్తెర తీశాను.
అరచేతంత ప్రభుత్వాన్ని కత్తిరించి
కోటు జేబులో వేసుకున్నాను.
మిగిలింది గుడ్డ.
బుద్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
అప్పుడు చుట్టుకుంది బిడ్డకి.
దణ్ణం పెట్టలేదు. నవ్వలేదు.
గేటు దగ్గర పడుకున్న మొగుణ్ని లేపడానికి వెళ్లిపోయింది.

పొద్దున్న హెడ్ సిస్టర్ దానమ్మగారు లెక్కపెట్టారు.
"ఇరవై మూడే."
చిరిగినది అని రాశాను.
చిరిగితే ముక్క చూపించాలి, రూలు.
చూపించాను.
గుండుసూదితో రిజిస్టరుకి గుచ్చుతూ
ఆ అంచుని ఆవిడ చాలాసేపు చూశారు.
చిరుగు అంత తిన్నగా రాదు.
"బరువెంత?" అన్నారు తలెత్తకుండా.
చెప్పాను.
సంతకం పెట్టారు.

"సరే, కత్తెరేదీ?"

జేబులు తడుముకున్నాను. ట్రే వెతికాను.
పంతొమ్మిదో మంచం దగ్గరికి పరిగెత్తాను.
అప్పటికే అక్కడ ఇంకో తల్లి,
భీమిలి పిల్ల, రాత్రి మూడింటి కాన్పు.
దిండు కిందనుంచి కత్తెర మొన కనిపిస్తోంది.

చెయ్యి చాపేలోగా దిండుని అదిమి పట్టుకుంది.
"ఉండనీ సిస్టరమ్మా,
పిల్లకి గాలీ ధూళీ సోకకుండా
ఇనప ముక్క నువ్వే ఎట్టేవనుకున్నాను.
మా అమ్మొచ్చీవరకూ ఉండనీ."

వాళ్లమ్మ ఎప్పుడొస్తుందో అడగలేదు.
వెనక్కొచ్చి
దానమ్మగారి ముందు నిలబడ్డాను,
ఈసారి చూపించడానికి
ముక్క కూడా లేదు.